ఆటల పట్టిక నేర్పిన పాఠము

ఈ కళాశాలలో తెలుగు పాఠములు చెప్పుటతోపాటు ఆటల సంఘము పని కూడ కొన్ని ఏండ్లుగా మా మీద ఉన్నది. తెలుగు ఉపన్యాసకునికి మైదానముతో ఏమి పని అని విద్యార్థులు చాటుగా నవ్వుకొనుట మేము ఎరుగనిది కాదు. కాని చిన్నతనములో మేమును హాకీ కర్ర పట్టినవారమే. విశ్వవిద్యాలయములో ఎం.ఏ. చదివిన రోజులలో సాయంకాలము ఒక గంటసేపు బంతి వెంట పరుగెత్తనిదే మాకు పుస్తకము ముందు కూర్చొన బుద్ధి పుట్టెడిది కాదు. అందుచేత ప్రిన్సిపాల్ గారు ఈ పని అప్పగించినప్పుడు సంతోషముతోనే ఒప్పుకొన్నాము. జట్లను పంపుట, అనుమతి పత్రములపై సంతకము చేయుట, గెలిచి వచ్చిన పిల్లలకు అందరి ముందు చప్పట్లు కొట్టించుట - ఇంతే గదా ఈ పని అనుకొన్నాము. ఇంత మాత్రమే కాదని మాకు తెలియజెప్పినది ఒక ఆటల పట్టిక. అది మన దేశపు పట్టిక కాదు; మన ఆటయు కాదు.

మా పూర్వ విద్యార్థి ఒకడు 2023వ సంవత్సరములో పై చదువుకై అమెరికాకు వెళ్ళినాడు. న్యూయార్క్ రాష్ట్రములో ట్రాయ్ అను పట్టణము కలదు. అచట 1824లో స్థాపింపబడిన రెన్సెలర్ పాలిటెక్నిక్ ఇన్‌స్టిట్యూట్‌లో అతడు చేరినాడు. ఒకనాటి రాత్రి ఫోను చేసి, "సార్, ఇక్కడ కూడా హాకీ ఉంది. కాని నేల మీద కాదు, మంచు మీద. చలికి చేతులు కొయ్యబారిపోయాయి కాని, ఆట మాత్రం మీరు చూసి తీరాల్సిందే" అన్నాడు. మరునాడు ఆ సంవత్సరపు ఆటల పట్టికను ఫొటో తీసి పంపినాడు. మా పాత అలవాటు అతనికి గుర్తున్నందుకు సంతోషించి, ఆ పట్టికను కాగితముపై అచ్చు తీయించి బల్లపై పెట్టుకొన్నాము.

మన హాకీయు ఆ హాకీయు పేరునకు దాయాదులే గాని రూపమున వేరు. మనకు జట్టునకు పదకొండుగురు. వారికి గోలు కాపరితో కూడ ఆరుగురే. మనది గుండ్రని బంతి. వారిది నల్లని రబ్బరు బిళ్ళ. దానిని పక్ అందురు. ఆట 20 నిమిషముల చొప్పున మూడు భాగములు. మొత్తము 60 నిమిషములు. ఆట ఆగినప్పుడెల్ల గడియారమును కూడ ఆపుదురు గనుక ఒక ఆట ముగియుటకు సుమారు రెండున్నర గంటలు పట్టును. కాళ్ళకు ఉక్కు పలుగులు కట్టుకొని జారుచు ఆడు ఆట అది. మంచి ఆటగాడైనను ఒక నిమిషమునకు అటునిటుగా లోపలికి వచ్చి మరియొకనికి చోటిచ్చును. అంతకు మించి ఆ వేగమును శరీరము తాళలేదు. ఒక్క ఆటలోనే ఇన్ని మారులు మనిషికి విశ్రాంతి ఇచ్చుట తెలిసినవారు, ఏడాది పొడుగునను విశ్రాంతిని గూర్చి ఆలోచించి ఉందురని మాకు అప్పుడే తోచవలసినది.

పట్టికను చూడగానే రెండు సంగతులు మాకు వింతగా కనబడినవి. ఆటలు దాదాపు అన్నియు శుక్ర, శనివారములలోనే ఉన్నవి. డిసెంబరు నడుమ కొన్ని దినములు తెల్లగా, ఏమియు వ్రాయకుండ ఉన్నవి. చలికాలపు ఆటకు చలికాలము నడుమ సెలవేమిటని అడిగినాము. "అప్పుడు సెమిస్టరు పరీక్షలు సార్. పరీక్షలప్పుడు ఆటలు పెట్టరు" అని అతడు చెప్పినాడు. అదియొక విశేషమన్నట్లు కాక, సూర్యుడు తూర్పున ఉదయించునన్నట్లు చెప్పినాడు. మన వైపున పోటీలును పరీక్షలును ఒకే వారములో వచ్చుట చూచి చూచి అలవాటుపడిన మాకు ఆ తెల్లని గడులు చాలదినములు కంటిలో మెదలినవి. నాటి నుండి అచటి కళాశాలల మంచు హాకీ నియమములను తీరిక దొరికినప్పుడెల్ల చదువసాగినాము.

రెన్సెలర్ ఆడునది ఇ.సి.ఎ.సి. హాకీ అను కూటములో. ఆ కూటములో పన్నెండు కళాశాలలు ఉన్నవి. ప్రతి కళాశాల తక్కిన పదకొండింటితోను రెండేసి మారులు, ఒకసారి తన ఇంట, ఒకసారి వారి ఇంట, ఆడును. అనగా 22 ఆటలు. వీనిని ఏర్పరచుటలో ఒక చక్కని ఉపాయము ఉన్నది. పన్నెండు కళాశాలలను పొరుగు పొరుగున ఉన్నవానిని చూచి రెండేసిగా జత కట్టినారు. రెన్సెలర్‌కు జత సమీపముననే స్కెనెక్టడీ పట్టణములోని యూనియన్ కళాశాల. ఉత్తరమున క్లార్క్‌సన్, సెయింట్ లారెన్స్ ఒక జత. కార్నెల్, కోల్గేట్ ఒక జత. హార్వర్డ్, డార్ట్‌మత్ ఒక జత. యేల్, బ్రౌన్ ఒక జత. ప్రిన్స్‌టన్, క్విన్నిపియాక్ ఒక జత. రెన్సెలర్ పిల్లలు ఉత్తరమునకు పోయినప్పుడు శుక్రవారము ఒక ఊరిలో, శనివారము దాని పొరుగు ఊరిలో ఆడి, ఒకే ప్రయాణములో రెండు ఆటలు ముగించుకొని వచ్చెదరు. అదే రెండు దినములలో యూనియన్ పిల్లలు ఆ రెండు ఊళ్ళలోనే తారుమారుగా ఆడుదురు. అయిదు జతలతో రాకపోకలు పది వారాంతములు, సొంత జతతో రెండు ఆటలు, వెరసి 22. ఈ లెక్క మేము కాగితముపై వేసి చూచుకొని, గణిత శాఖలోని మిత్రునికి కూడ చూపినాము. ఆయన మెచ్చుకొన్నారు. ఇందులో మాకు నచ్చినది లెక్క మాత్రమే కాదు. సోమవారము ఉదయమునకు పిల్లవాడు తరగతిలో ఉండవలెనను కోరిక ఆ లెక్క అడుగున ఉన్నది.

ఇక హద్దుల సంగతి. అమెరికాలో కళాశాలల ఆటలకు పెద్ద దిక్కు నేషనల్ కాలేజియేట్ అథ్లెటిక్ అసోసియేషన్. దానిని క్లుప్తముగా ఎన్.సి.ఏ.ఏ. అందురు. 1905లో ఫుట్‌బాల్ ఆడుచు విద్యార్థులు మరణించుటచే దేశము కలవరపడినది. అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ కళాశాలల ప్రతినిధులను పిలిపించి మాట్లాడినాడు. దాని పర్యవసానముగా 1906లో ఈ సంఘము వెలసినది. ఆటను ఆపుటకు కాదు, ఆటలో పిల్లలు బ్రతికి ఉండుటకు నియమములు పుట్టినవి. 2023-24 ఆటల కాలములో మొదటి శ్రేణి కళాశాల జట్టు మామూలు పోటీలలో 34 ఆటలకు మించి ఆడరాదు. మూడవ శ్రేణిలో ఆ హద్దు 25. చివర జరుగు గెలుపు పోటీలు ఇందులో చేరవు. జీతమునకు ఆడు నేషనల్ హాకీ లీగ్‌లో 1995-96 నుండి మూడు దశాబ్దములపాటు ఒక్కొక్క జట్టునకు ఏటేట ఏర్పరచిన ఆటలు సాధారణముగా 82. విద్యార్థికిని వృత్తి ఆటగానికిని నడుమ ఎంత దూరముండవలెనో ఆ రెండు అంకెలే చెప్పుచున్నవి.

అంతకంటె మమ్ము ఆశ్చర్యపరచినది మరియొకటి. ఆ పన్నెండు కళాశాలలలో ఆరు - బ్రౌన్, కార్నెల్, డార్ట్‌మత్, హార్వర్డ్, ప్రిన్స్‌టన్, యేల్ - ఐవీ లీగ్ అను మరియొక కూటములోనివి. ఆ కూటమువారు 1954లో అన్ని ఆటలకును వర్తించు ఒడంబడిక చేసికొని, ఆట కొరకు విద్యార్థి వేతనము ఇయ్యరాదని నిశ్చయించుకొన్నారు. ఇతరులకు 34 ఆటలు చెల్లుచుండగా వీరు తమంతట తాము 29తో హద్దు గీసికొన్నారు. ఇతరులు అక్టోబరు మొదటనే ఆడ మొదలిడుదురు. వీరు కొన్ని వారములు ఆగి మొదలిడుదురు. కూటము ఆటలు 22 పోగా రెన్సెలర్‌కు పన్నెండు ఆటలు మిగులును. పక్కనున్న కార్నెల్‌కు ఏడు మాత్రమే మిగులును. ఒకే కప్పు కొరకు పోరాడు ఇద్దరిలో ఒకడు తన చేతిని తానే కొంత కట్టుకొనుట వంటిది ఇది. దీనివలన నష్టము లేదా? ఉన్నది. ఇతరులు నాలుగైదు ఆటలాడి కాళ్ళు సాగదీసికొన్న పిమ్మట వీరు మొదటిసారి మంచుపై దిగుదురు. అయినను దశాబ్దములుగా ఆ హద్దుకు కట్టుబడి ఉన్నారు.

ఆటలను లెక్కించుటతో సరిపుచ్చలేదు. గంటలను కూడ లెక్కించినారు. 1991 నుండి ఎన్.సి.ఏ.ఏ. నియమము ఒకటి కలదు. ఆటల కాలములో విద్యార్థిచే సాధన చేయించుట దినమునకు నాలుగు గంటలు, వారమునకు 20 గంటలు మించరాదు. వారమునకు ఒక దినము పూర్తిగా సెలవు. పోటీ జరిగిన దినమును, అది ఎంతసేపు జరిగినను, మూడు గంటలుగా లెక్క వేయుదురు. శిక్షకుడు ఎంత గొప్పవాడైనను ఈ లెక్కకు లోబడవలసినదే.

తక్కువ ఆడిన జట్టు తక్కువదగునా అని మీరు అడుగవచ్చును. చరిత్ర అట్లు చెప్పుటలేదు. 1970లో కార్నెల్ జట్టు ఆ ఏడు ఆడిన 29 ఆటలలోను గెలిచినది. చివరి పోటీలో క్లార్క్‌సన్‌ను 6-4 తేడాతో ఓడించినది. మొదటి శ్రేణి జాతీయ విజేతలలో ఒక్క ఆటయు ఓడక, సమముగా కూడ విడువక, ఏడాది ముగించిన పురుషుల జట్టు అదియొక్కటే. 2013లో యేల్ జట్టు జాతీయ పోటీ చివరి ఆటలో క్విన్నిపియాక్‌ను 4-0తో ఓడించినది. క్విన్నిపియాక్‌కు 34 ఆటల హద్దు, యేల్‌కు 29. అంతకుముందు అదే ఏడు మూడుసార్లు క్విన్నిపియాక్ చేతిలో యేల్ ఓడిపోయి ఉన్నది. తక్కువ ఆడుటవలననే గెలిచినదని మేము అనము. తక్కువ ఆడినను గెలుపు దూరము కాలేదని మాత్రము అనగలము.

2020లో మరియొక తీరు. కార్నెల్ జట్టు ఏర్పరచిన 29 ఆటలు ముగించి, 23 గెలిచి, 2 ఓడి, 4 సమము చేసి దేశములో మొదటి స్థానమున నిలిచినది. మార్చి 12న కరోనా కారణముగా జాతీయ పోటీలు రద్దయినవి. ఆ నవంబరులో ఐవీ కళాశాలలు మరుసటి చలికాలపు ఆటలను కూడ మానుకొన్నవి. ఇ.సి.ఎ.సి. కూటములో 2020-21లో నాలుగు జట్లు మాత్రమే ఆడినవి. ఆ కార్నెల్ పిల్లలలో చివరి సంవత్సరము వారికి కప్పు దక్కలేదు. కాని వారి చేతిలో పట్టా ఉన్నది. ఈ మాట మేము తేలికగా వ్రాయుటలేదు. ఎందుకో ముందు చెప్పెదము.

ఇదే కార్నెల్‌లో చదివిన కెన్ డ్రైడెన్ పేరు ఇచట తలవవలెను. ఆయన గోలు కాపరి. 1967లో కార్నెల్ జాతీయ కప్పు గెలిచినప్పుడు జట్టులో ఉన్నాడు. 1969లో పట్టా పుచ్చుకొన్నాడు. పిమ్మట మాంట్రియల్ జట్టుకు జీతమునకు ఆడుచునే న్యాయశాస్త్రము చదివినాడు. 1973-74లో ఆటను ఒక ఏడు పక్కనపెట్టి న్యాయవాదుల కార్యాలయములో పని నేర్చుకొన్నాడు. తిరిగి వచ్చి ఆడి, మొత్తము ఆరుసార్లు స్టాన్లీ కప్పు గెలిచిన జట్టులో నిలిచినాడు. తరువాత గ్రంథకర్త అయినాడు; కెనడాలో మంత్రి అయినాడు. 2025లో కన్నుమూసినాడు. ఆటకును చదువునకును వైరము లేదనుటకు ఇంతకంటె సాక్ష్యమేల? వైరము ఆటతో కాదు, హద్దులేమితో.

అచట అంతయు బంగారమని మేము చెప్పబోము. నియమమున్నచోట కంతయు ఉండును. అలాస్కాలో ఫెయిర్‌బాంక్స్, ఆంకరేజ్ అను రెండు చోట్ల విశ్వవిద్యాలయ జట్లు ఉన్నవి. అంత దూరము ఎవరును పోయి ఆడరు గనుక, అచట ఆడిన ఆటలను అతిథుల హద్దులో లెక్కింపరని ఒక మినహాయింపు ఇచ్చినారు. మారుమూలనున్న పిల్లలకు ఎదుటి జట్టు దొరకవలెనను దయతో పెట్టిన మినహాయింపు అది. కాని 34 ఆడదగినవాడు అటు పోయి 36 ఆడవచ్చునన్నది కూడ నిజమే. ప్రయాణములో గడచిన కాలము ఆ 20 గంటలలో చేరదు. రాత్రియంతయు బస్సులో కూర్చొని వచ్చిన పిల్లవాడు కాగితముమీద విశ్రాంతిగా ఉన్నట్లే. "స్వచ్ఛందముగా" చేయు సాధన కూడ లెక్కకు రాదు. స్వచ్ఛందమను మాటకు శిక్షకుని కనుసన్నలో ఎంత విలువ ఉండునో విద్యార్థులకు చెప్పనక్కరలేదు. ఆటలు పెరిగిన టిక్కెట్లు పెరుగును గనుక హద్దును జరుపవలెనను వారు ఏ దేశములోనైనను ఉందురు.

ఇవి చదువుచుండగా మాకు పదేపదే జ్ఞప్తికి వచ్చినవాడు అమెరికా పిల్లవాడు కాదు. మా కళాశాల పిల్లవాడే.

2018-19వ సంవత్సరపు మాట. బి.కాం. మూడవ సంవత్సరము చదువుచున్న ఒక విద్యార్థి మా హాకీ జట్టుకు ప్రాణము. సెంటర్ హాఫ్‌లో నిలిచి ఆడెడివాడు. తండ్రికి చిన్న మెకానిక్ షెడ్డు. చేర్చిన దినమున ఆ తండ్రి మా చేతులు పట్టుకొని, "చదువు నాకు తెలియదు సాబ్. మీరున్నారని మీ చేతిలో పెడుతున్నా" అన్నాడు. ఆ ఏడు మొదట అంతర కళాశాలల పోటీలు వచ్చినవి, కప్పు గెలిచినాము. తరువాత విశ్వవిద్యాలయ జట్టుకు ఎంపిక. దానికి శిక్షణ శిబిరము. ఆ పిమ్మట దక్షిణ మండలపు అంతర విశ్వవిద్యాలయ పోటీలు. అటుపైని ఒక క్లబ్బువారి టోర్నమెంటు. ప్రతిదానికి ఒక అనుమతి పత్రము. ప్రతి పత్రముపై మా సంతకము. హాజరు నూటికి 75 ఉండవలెనను నియమము మనకును లేకపోలేదు. తక్కువైనప్పుడు కండొనేషన్ రుసుము కట్టించి, "క్రీడలలో కళాశాలకు పేరు తెచ్చినాడు" అని సిఫారసు వ్రాసినది కూడ మేమే. అలాస్కా మినహాయింపును చూచి నవ్వుటకు మాకు అర్హత లేదు.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నము అతడు మా గది వాకిట నిలిచినాడు. చేతిలో అయిదవ పత్రము. "సార్, ఇంకో క్లబ్బు వాళ్ళు రమ్మంటున్నారు. సెమిస్టరు దగ్గర పడింది. పొమ్మంటారా, వద్దంటారా?" అని అడిగినాడు. మేము జవాబు పత్రములు దిద్దుచున్నాము. తల ఎత్తకుండనే, "నీ ఇష్టం బాబూ" అని సంతకము చేసి ఇచ్చినాము.

ఆ సెమిస్టరులో అతనికి నాలుగు పేపర్లు పోయినవి. వ్యాయామ ఉపాధ్యాయుడు కావలెనని బి.పి.ఎడ్. ప్రవేశ పరీక్ష వ్రాసి మంచి ర్యాంకు తెచ్చుకొన్నాడు. పట్టా లేనందున సీటు దక్కలేదు. మరుసటి ఏడు కరోనా వచ్చినది. షెడ్డు మూతపడి, తెరచి, తండ్రి ఆరోగ్యము చెడి, పోయిన ఒక్క ఏడు తిరిగి రానే లేదు. పేపర్లు తరువాత వ్రాసి గట్టెక్కినాడు గాని బి.పి.ఎడ్.లో చేరలేదు. ఇప్పుడు ఆ షెడ్డులో అతడే ఉన్నాడు.

"నీ ఇష్టం" అను మాటను మేము చాలకాలము మర్యాద అనుకొన్నాము. విద్యార్థికి స్వేచ్ఛ ఇచ్చినామనుకొన్నాము. ఆ పట్టిక చూచిన పిమ్మట గాని అది ఏమో మాకు తెలియలేదు. ఇరువది ఏండ్ల పిల్లవాడు పిలిచిన క్లబ్బువారికి, జట్టులోని స్నేహితులకు, చప్పట్లు కొట్టించిన ఉపన్యాసకునికి "రాను" అని చెప్పగలడా? చెప్పలేకనే మా వాకిట నిలిచినాడు. అతడు అడుగ వచ్చినది అనుమతి కాదు. కాదనుమని అడుగ వచ్చినాడు. ఆ భారమును మేము అతని తలపైననే తిరిగి పెట్టి పంపినాము. కార్నెల్‌లోనో యేల్‌లోనో ముప్పదవ ఆటకు ఎవరైనను పిలిచినచో అచటి పిల్లవాడు బదులు చెప్పనక్కరలేదు. నియమమే చెప్పును. ఎవరి మనస్సును నొప్పింపకుండ, ఎవరి అభిమానమును పోగొట్టుకొనకుండ అతడు గ్రంథాలయమునకు పోవచ్చును. ముందుగా గీసిన హద్దు పిల్లవానిని కట్టివేయునది కాదు. పెద్దల మధ్య చిక్కిన పిల్లవానిని విడిపించునది.

ఇందుకు ఎదురుమాట ఒకటి ఉన్నది, దానిని దాటిపోరాదు. అచటి పిల్లలకు చదువు, సదుపాయము రెండును ఉన్నవి. మన పేద పిల్లవానికి ఆటల సర్టిఫికెట్టే నిచ్చెన. క్రీడా కోటాలో ఒక సీటు, ఒక ఉద్యోగము వచ్చిన ఇల్లంతయు నిలబడును. అట్టివానికి ఆటలు తగ్గించుట నోటికాడి ముద్ద తీసివేయుట కాదా అని మా ఉర్దూ శాఖ మిత్రులే మమ్ము అడిగినారు. ఆ మాటలో న్యాయమున్నది. ఎంతో ఆలోచించి మేము చెప్పగలిగినది ఇది. నిచ్చెన అగు పోటీలు ఏవో, ఊరక పిలుపులేవో పెద్దలమైన మనకు తెలియును. అంతర విశ్వవిద్యాలయ పోటీకి పోనిచ్చుట ధర్మమే. అయిదవ పత్రము దేనికని మేము అడుగలేదు. ఆ క్లబ్బు టోర్నమెంటు సర్టిఫికెట్టు ఏ కోటాకును పనికిరాలేదు. హద్దు ఉన్నచో ఏది విలువైనదో ఏరుకొనవలసి వచ్చును. హద్దు లేనిచోట అన్నియు ఒకటే. చివరకు పట్టాయే పోవును.

కనుక కళాశాల పాలక సంఘము పెద్దలకు మేము వినయముతో కొన్ని మాటలు మనవి చేసికొనుచున్నాము. విద్యా సంవత్సరము మొదటనే, పరీక్షల తేదీలు పక్కన పెట్టుకొని, ఆటల పట్టికను తయారు చేయుదము. ఒక విద్యార్థి ఏడాదిలో ఎన్ని పోటీలకు, ఎన్ని పనిదినములు పోవచ్చునో ఒక అంకె వ్రాసికొందము. ఆ అంకె ఎంతయని మేము ఇచట చెప్పుటలేదు. అది అందరు కూర్చొని తేల్చవలసినది. సెమిస్టరు పరీక్షలకు ముందు రెండు వారములు ఏ పత్రముపైనను సంతకము చేయకుందము. అనుమతి పత్రములో ఒక గడి చేర్చి, అప్పటికి ఎన్ని తరగతులు పోయినవో ఆ గడిలో వ్రాసిన తరువాతనే సంతకము చేయుదము. పోటీల నుండి తిరిగి వచ్చినవారికి పోయిన పాఠములు చెప్పుటకు ఒక్కొక్క శాఖ నుండి ఒకరిని ఏర్పాటు చేయుదము. తెలుగు పాఠములకు మేము సిద్ధముగా ఉన్నాము. వీనిలో ఏదియు ఖర్చుతో కూడినది కాదు. మంచు అక్కరలేదు.

విద్యార్థులారా, మీలో ఆడువారు ఆడుడు. మూడు ఒలింపిక్స్ ఆడిన ముఖేష్ కుమార్ మన హైదరాబాదువాడే. ఈ నేలకు హాకీ కొత్త కాదు. మీ కర్ర మీ చేతిలోనే ఉండనిండు. అయితే ఏ ఉపన్యాసకుడైనను, మేమైనను సరే, తల ఎత్తకుండ "నీ ఇష్టం" అన్నచో ఆ పత్రము పుచ్చుకొని వెంటనే వెళ్ళిపోకుడు. అచటనే నిలిచి మరల అడుగుడు.

మొన్న మా స్కూటరు ఆగిపోయి ఆ షెడ్డుకే తీసికొనిపోయినాము. అతడు చేతి మరకలు గుడ్డతో తుడుచుకొని, ఎప్పటివలె నమస్కరించి, కుర్చీ వేసినాడు. మా మీద కోపమేమియు లేదు. అది ఉన్నను మాకు కొంత తేలికగా ఉండెడిది. పని ముగించి డబ్బు పుచ్చుకొనక, "సార్, ఆ ఏడు మనం కప్పు గెలిచాం గదా, ఆ ఫొటో కాలేజీలో ఉందా? మా చిన్నోడికి చూపిస్తా" అని అడిగినాడు. కప్పు కార్యాలయపు అద్దాల బీరువాలో ఉన్నది. ఫొటో కొరకు వెదకుచున్నాము. దొరకగానే స్వయముగా తీసికొనిపోయి ఇచ్చెదము.